నీటి నుంచి నీటికి: హరితరేణువు రక్షణ ఎంజైముల చరిత్ర

ఆకు కణంలోని హరితరేణువు రెండు పనులను ఒకే చోట సాగిస్తుంది. ఎండ తగిలినంతసేపూ నీటిని విడగొట్టి ఆక్సిజన్‌ను వదులుతుంది. ఆ నీటి నుంచి లాగిన ఎలక్ట్రాన్లను థైలకాయిడ్ పొరల్లోని అణువులు ఒకదాని నుంచి మరొకటి అందుకుంటూ పోతాయి; చివరికి వాటి బలంతోనే కార్బన్ డయాక్సైడ్ చక్కెరగా మారుతుంది. ఆక్సిజన్, ఎలక్ట్రాన్లు ఇంత విరివిగా, ఇంత దగ్గరదగ్గరగా ఉండే చోటు మొక్కలో మరొకటి లేదు. చిక్కంతా ఆ పొరుగుదనంలోనే ఉంది. దారి తప్పిన ఎలక్ట్రాన్ ఒకటి ఆక్సిజన్ అణువును చేరితే సూపరాక్సైడ్ పుడుతుంది. సూపరాక్సైడ్ నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ వస్తుంది. ఇనుము, రాగి అయాన్లు తోడైతే పెరాక్సైడ్ నుంచి హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టి, ఎదురైన కొవ్వునూ ప్రొటీన్‌నూ డీఎన్‌ఏనూ దెబ్బతీస్తుంది.

అయినా ఆకు రోజంతా ఎండలో పచ్చగానే నిలుస్తుంది. సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్, ఆస్కార్బేట్ పెరాక్సిడేజ్, గ్లూటాథయోన్ రిడక్టేజ్ వంటి ఎంజైములు ఈ విషాలను పుట్టిన చోటే నీటిగా మార్చేస్తాయి. ఈ సంగతి తేలడానికి రెండు శతాబ్దాలు పట్టింది. ఇందులో పాలుపంచుకునే ముఖ్యమైన పదార్థాలు చాలావరకు ఆకులో దొరికినవి కావు. ఒకటి ఎద్దు నెత్తురులో, మరొకటి అడ్రినల్ గ్రంథిలో, ఇంకొకటి ఈస్టులో ముందుగా బయటపడ్డాయి. వాటి అసలు పనుల్లో ఒకటి ఆకులో ఉందని తర్వాత తెలిసింది.

పెరాక్సైడ్, పొగాకు, కాటలేజ్

మొక్కలు గాలిని బాగుచేస్తాయని ఇంగ్లండ్‌లో జోసెఫ్ ప్రీస్ట్లీ 1771లో పుదీనా మొక్కతో చేసిన ప్రయోగాల్లో గమనించాడు. ఆ పనికి వెలుతురు కావాలనీ, అది మొక్కలోని ఆకుపచ్చ భాగాలకే చేతనవుననీ 1779లో యాన్ ఇంగెన్‌హౌస్ నిరూపించాడు. ఆక్సిజన్ ప్రాణాధారమనే భావన అప్పటి నుంచి స్థిరపడింది. అదే వాయువు దాన్ని తయారుచేసే అవయవానికే ముప్పు కాగలదన్న ఆలోచన రావడానికి చాలా కాలం పట్టింది.

1818లో పారిస్‌లో లూయీ జాక్ తెనార్ బేరియం పెరాక్సైడ్ నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను తయారుచేశాడు. జంతు కణజాలం తగిలితే అది బుసబుసమని పొంగి ఆక్సిజన్‌గా, నీరుగా విడిపోతుందని కూడా ఆయనే చూశాడు. మొక్కల రసాలకూ ఈ గుణం ఉందని 19వ శతాబ్దం మధ్యలో క్రిస్టియాన్ షోన్‌బైన్ గుర్తించాడు. అయితే ఇది ఎంజైములన్నిటికీ ఉండే సాధారణ లక్షణమని ఆనాటి రసాయనవేత్తలు భావించారు.

ఆ భావనను తోసిపుచ్చింది పొగాకు. అమెరికా వ్యవసాయ శాఖలో పొగాకు పదును పట్టే తీరును పరిశీలిస్తున్న ఆస్కార్ లోవ్, ఆకులో పెరాక్సైడ్‌ను విడగొట్టే ఎంజైమ్ ఒకటి ప్రత్యేకంగా ఉందని తేల్చి, 1901లో దానికి కాటలేజ్ అని పేరుపెట్టాడు. ప్రాణమున్న ప్రతిచోటా అది కనిపించడం చూసి, జీవక్రియల్లో పెరాక్సైడ్ నిత్యం పుడుతూ ఉండాలనీ, దాని బారి నుంచి కణాన్ని కాపాడటమే ఈ ఎంజైమ్ పని అనీ ఊహించాడు. ఊహ సరైనదే. కానీ ఆకులో పెరాక్సైడ్ ఎక్కడ పుడుతుందో చెప్పగల సాధనాలు అప్పటికి లేవు.

వెలుతురులో పుట్టే పెరాక్సైడ్

1937లో కేంబ్రిడ్జిలో రాబర్ట్ హిల్ ఆకు నుంచి వేరుచేసిన హరితరేణువులకు ఎలక్ట్రాన్లను అందుకునే రసాయనాన్ని ఇచ్చి వెలుతురు చూపితే, కార్బన్ డయాక్సైడ్ లేకపోయినా ఆక్సిజన్ వస్తుందని చూపించాడు. దాంతో హరితరేణువును పరీక్షనాళికలో పెట్టి ప్రశ్నించడం సాధ్యమైంది. ఆ ఎలక్ట్రాన్లను అందుకునే పనిని ఆక్సిజనే చేయగలదా అన్న ప్రశ్నను అమెరికాలో ఆలన్ మెహ్లర్ 1951లో పరీక్షించాడు. అతని ఉపాయం తేలికైనది. హరితరేణువులున్న ద్రవంలో కాటలేజ్‌ను, ఆల్కహాల్‌ను కలిపాడు. పెరాక్సైడ్ పుడితే కాటలేజ్ దాని సాయంతో ఆల్కహాల్‌ను అసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. వెలుతురు పడగానే అసిటాల్డిహైడ్ కనిపించింది. ఎండలో ఉన్న హరితరేణువు ఆక్సిజన్‌ను వదలడమే కాదు, కొంత ఆక్సిజన్‌ను తిరిగి తీసుకుని పెరాక్సైడ్ చేస్తుందని అలా రుజువైంది. మరుసటి ఏడు మెహ్లర్, అలన్ బ్రౌన్ కలిసి బరువైన ఆక్సిజన్ ఐసోటోపుతో ఈ రాకపోకలను ఒకేసారి కొలిచారు. ఈ చర్యకు మెహ్లర్ చర్య అనే పేరు నిలిచిపోయింది.

ఆక్సిజన్ కీడు చేయగలదన్న మాటకు ఆ దశాబ్దంలోనే మరో వైపు నుంచి బలం వచ్చింది. ఎక్కువ పీడనంలో ఆక్సిజన్ పీల్చినప్పుడు జరిగే హాని, ఎక్స్ కిరణాల వల్ల జరిగే హాని ఒకే మార్గంలో, స్వేచ్ఛా రాడికల్స్ ద్వారా జరుగుతాయని అర్జెంటీనాకు చెందిన రెబెకా గెర్ష్‌మన్, ఆమె సహచరులు 1954లో ప్రతిపాదించారు. మరుసటి ఏడు, కెరోటినాయిడ్లు లేని ఒక కిరణజన్య బ్యాక్టీరియా రకం వెలుతురూ గాలీ రెండూ తగిలితే చనిపోతుందనీ, ఏదో ఒకటే తగిలితే బతుకుతుందనీ రోజర్ స్టేనియర్ బృందం చూపించింది. ఆకులోని పసుపు, నారింజ రంగులు కాంతిని పట్టడానికే కాక ఆక్సిజన్ నుంచి కాపాడటానికి కూడా ఉన్నాయని దాంతో తెలిసింది.

ఇక్కడే ఒక చిక్కుముడి పడింది. హరితరేణువులో పెరాక్సైడ్ పుడుతుంది కాబట్టి దాన్ని విడగొట్టే కాటలేజ్ కూడా అక్కడే ఉంటుందని అనుకోవడం సహజం. కానీ 1968లో నేథన్ టోల్బర్ట్ బృందం పాలకూర ఆకుల నుంచి పెరాక్సిసోములను విడదీసినప్పుడు, కాటలేజ్ ఆ చిన్న సంచుల్లోనే ఉందని బయటపడింది. వెలుతురులో ఆకు ఆక్సిజన్‌ను వాడుకునే కాంతిశ్వాసక్రియలో పుట్టే పెరాక్సైడ్‌ను అది అక్కడ విడగొడుతుంది. మరి హరితరేణువులో పుట్టేదాన్ని ఏది విడగొడుతున్నట్టు?

ఎద్దు నెత్తురులోని నీలి ప్రొటీన్

సమాధానంలో మొదటి భాగం మొక్కలతో సంబంధమే లేని చోటి నుంచి వచ్చింది. 1938లో కేంబ్రిడ్జిలో టాడ్యుస్ మాన్, డేవిడ్ కైలిన్ ఎద్దు నెత్తురు నుంచి రాగి ఉన్న నీలిరంగు ప్రొటీన్‌ను వేరుచేసి హీమోక్యుప్రీన్ అన్నారు. అది ఏ పని చేస్తుందో తెలియలేదు. రాగిని దాచుకునే ప్రొటీన్ కాబోలనుకుంటూ శాస్త్రవేత్తలు 30 ఏళ్లు గడిపారు.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఇర్విన్ ఫ్రిడోవిచ్ వద్ద పరిశోధన విద్యార్థిగా ఉన్న జో మెక్‌కార్డ్, జాంథీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ చర్యను అడ్డుకునే ప్రొటీన్ల కోసం చూస్తుండగా, ఆ అడ్డు ప్రొటీన్లది కాదనీ, వాటి నమూనాల్లో కల్తీగా చేరిన మరొకదానిదనీ గ్రహించాడు. ఆ కల్తీ పదార్థం సూపరాక్సైడ్‌ను తుడిచేస్తోంది. నెత్తురు నుంచి దాన్ని శుద్ధిచేసి చూస్తే మాన్, కైలిన్ల హీమోక్యుప్రీనే తేలింది. 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ దానికి సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్ అనే పేరుపెట్టారు. రెండు సూపరాక్సైడ్ అయాన్లను తీసుకుని ఒకదాన్ని ఆక్సిజన్‌గా, మరొకదాన్ని పెరాక్సైడ్‌గా మార్చడం దాని పని. అణువులు ఒకదానికొకటి ఎదురుపడటానికి పట్టే వ్యవధి తప్ప దానికి మరో ఆలస్యం లేదన్నంత వేగంగా అది పనిచేస్తుంది.

ఈ వార్త జీవశాస్త్రంలో పెద్ద కదలిక తెచ్చింది. అంతవరకు సూపరాక్సైడ్ రసాయనశాలలో మాత్రమే కనిపించే వింత పదార్థం. దాన్ని తొలగించడానికే ఒక ఎంజైమ్ ఉందంటే, కణంలో అది నిత్యం పుడుతోందన్నమాట. కొద్ది సంవత్సరాల్లోనే మాంగనీసు ఉన్న రకం, ఇనుము ఉన్న రకం బ్యాక్టీరియాలో దొరికాయి. 1971లో చార్లెస్ బోషాం, ఫ్రిడోవిచ్ కలిసి రూపొందించిన రంగు పరీక్షతో ఈ ఎంజైమ్‌ను ఏ కణజాలంలోనైనా పట్టుకోవడం సులువైంది. నీలిరంగు పరుచుకున్న జెల్ పలకపై ఎంజైమ్ ఉన్న చోటు మాత్రం తెల్లగా మిగిలిపోతుంది. ఆ పరీక్ష ఇప్పటికీ విశ్వవిద్యాలయాల వృక్షశాస్త్ర ప్రయోగశాలల్లో వాడుకలో ఉంది.

పాలకూరతో క్యోటో పరిశోధనలు

ఈ కొత్త ఎంజైమ్‌ను హరితరేణువులోకి తీసుకెళ్లిన వ్యక్తి జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయానికి చెందిన కోజో అసాడా. వెలుతురులో ఉన్న పాలకూర హరితరేణువులు సల్ఫైటును వేగంగా ఆక్సీకరించడం ఆయన దృష్టికి వచ్చింది. సల్ఫైటు ఆక్సీకరణాన్ని మొదలుపెట్టే శక్తి సూపరాక్సైడ్‌కు ఉంది. ఆ దారి పట్టి వెళ్లిన అసాడా బృందం 1973లో పాలకూర ఆకుల నుంచి సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్‌ను స్ఫటికాలుగా వేరుచేసి, అది హరితరేణువులో ఉందని చూపింది. 1974లో మెహ్లర్ చర్యలో మొదట పుట్టేది సూపరాక్సైడేననీ, పెరాక్సైడ్ దాని నుంచి వచ్చేదేననీ నిర్ధారించింది. ఎలక్ట్రాన్ దారి తప్పే చోటు థైలకాయిడ్ పొరలో కాంతిని పట్టే ఫోటోసిస్టమ్ 1 అనే ప్రొటీన్ల గుంపు దగ్గర ఉంది. దాదాపు అదే సమయంలో లండన్‌లోని కింగ్స్ కాలేజీలో జాన్ అలెన్, డేవిడ్ హాల్ కూడా వెలుతురులోని హరితరేణువుల్లో సూపరాక్సైడ్ పుడుతుందని వేరే దారిలో కనుగొన్నారు.

ఆల్గేల నుంచి పూల మొక్కల దాకా ఈ ఎంజైమ్‌ను పరిశీలించిన అసాడా బృందానికి ఒక పరిణామ క్రమం కనిపించింది. ఆదిమ జీవుల్లో ఇనుము రకం ఎక్కువ. నేలమీది మొక్కల్లో రాగి, జింకు రకం ప్రబలింది. గాలిలో ఆక్సిజన్ పెరిగేకొద్దీ నీటిలో కరిగే ఇనుము తగ్గి, రాగి అందుబాటులోకి రావడం ఇందుకు కారణమని ఆయన వివరించాడు. పూల మొక్కలు ఈ రెండు రకాలనూ ఇప్పటికీ పూర్తిగా వదులుకోలేదు. రాగి కొరత వచ్చినప్పుడు ఒక సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏ రాగి రకం ఎంజైమ్ తయారీని తగ్గిస్తుందనీ, ఒత్తిడిలో ఆ ఆర్‌ఎన్‌ఏ తగ్గడం వల్ల ఎంజైమ్ పెరుగుతుందనీ 21వ శతాబ్దం తొలి దశకంలో తేలింది. ఒత్తిడికి సంబంధించిన ఫలితాన్ని 2006లో రామాంజులు సుంకర్, ఆయన సహచరులు ప్రచురించారు.

డిస్మ్యూటేజ్ దొరకడంతో సమస్య సగమే తీరింది. అది సూపరాక్సైడ్‌ను తీసివేస్తుంది కానీ దాని స్థానంలో పెరాక్సైడ్‌ను మిగులుస్తుంది. ఆ పెరాక్సైడ్ ఎంత ప్రమాదకరమో 1976లో జర్మనీలో వెర్నర్ కైజర్ కొలిచాడు. లీటరుకు 10 మైక్రోమోల్‌ల పెరాక్సైడ్ చాలు, హరితరేణువులో కార్బన్ డయాక్సైడ్ స్థిరీకరణ సగానికి పడిపోతుంది. కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరగా మార్చే కాల్విన్ వలయంలోని కొన్ని ఎంజైములు వెలుతురులో గంధకపు జతలు విడివడితేనే పనిచేస్తాయి. పెరాక్సైడ్ ఆ జతలను తిరిగి కట్టేస్తుంది. తొలగించే ఏర్పాటు లేకపోతే ఎండలో ఉన్న హరితరేణువు ఆ మోతాదును చేరడానికి ఒక్క సెకను కూడా అక్కర్లేదు.

విటమిన్ సి రెండో ఉద్యోగం

మిగిలిన సగానికి సమాధానం నిమ్మరసం చరిత్రతో ముడిపడి ఉంది. 1920లలో ఆల్బర్ట్ సెంట్-గ్యోర్గ్యి మొక్కల పెరాక్సిడేజ్ ఎంజైములపై పనిచేస్తూ, రంగు వచ్చే పరీక్షలో నిమ్మజాతి పళ్ల రసం కలిపితే రంగు కాసేపు ఆలస్యంగా వస్తుందని చూశాడు. రసంలోని ఏదో పదార్థం ముందుగా తాను ఆక్సీకరణం చెంది రంగును ఆపుతోంది. 1928లో దాన్ని అడ్రినల్ గ్రంథి నుంచి, నారింజ, క్యాబేజీల నుంచి వేరుచేశాడు. 1932లో అదే విటమిన్ సి అని తేలింది. ఆస్కార్బిక్ ఆమ్లం అన్న పేరు స్కర్వీని పోగొట్టే గుణం వల్ల వచ్చింది. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి దక్కింది. మొక్కల పెరాక్సిడేజ్ దగ్గర మొదలైన ఈ అన్వేషణ మనుషుల పోషకాహారం వైపు మళ్లడంతో, మొక్కకు ఆ పదార్థం ఎందుకన్న ప్రశ్న వెనకబడింది. ఆకుల్లో అది పుష్కలంగా ఉంటుంది. హరితరేణువులో దాని గాఢత సాధారణంగా లీటరుకు 10 నుంచి 50 మిల్లీమోల్‌లు.

1921లో ఫ్రెడరిక్ గౌలాండ్ హాప్కిన్స్ ఈస్టు, కండరాల నుంచి వేరుచేసిన గ్లూటాథయోన్‌ది కూడా ఇలాంటి కథే. 1976లో లండన్‌లోని కింగ్స్ కాలేజీలో క్రిస్టీన్ ఫోయర్, బారీ హాలివెల్ పాలకూర హరితరేణువుల్లో గ్లూటాథయోన్ ఉందనీ, దాన్ని పునరుద్ధరించే గ్లూటాథయోన్ రిడక్టేజ్ ఎంజైమ్ కూడా ఉందనీ చూపారు. విటమిన్ సి రూపమైన ఆస్కార్బేట్ ఆక్సీకరణం చెందినప్పుడు గ్లూటాథయోన్ దాన్ని తిరిగి నిలబెడుతుందనీ, గ్లూటాథయోన్‌ను ఎలక్ట్రాన్లు మోసే ఎన్‌ఏడీపీహెచ్ అనే అణువు నిలబెడుతుందనీ వారి ప్రతిపాదన. ఎన్‌ఏడీపీహెచ్ కిరణజన్య సంయోగక్రియలోనే తయారవుతుంది కనుక, ప్రమాదాన్ని తెచ్చిన వెలుతురే రక్షణకు కావలసిన బలాన్ని కూడా ఇస్తుందన్నమాట.

ఆ గొలుసులో తొలి కొక్కెం మాత్రం అప్పటికి దొరకలేదు. పెరాక్సైడ్‌తో ఆస్కార్బేట్‌ను కలిపే ఎంజైమ్ ఏది? 1979లో జర్మనీలో రెండు బృందాలు దాని జాడను గుర్తించాయి. 1981లో నకానో, అసాడా పాలకూర హరితరేణువుల్లో ఆస్కార్బేట్‌ను మాత్రమే కోరే పెరాక్సిడేజ్ ఉందని స్పష్టంగా నిరూపించారు. అది అంతకాలం దొరకకపోవడానికి కారణం కూడా తెలిసింది. ఆస్కార్బేట్ లేని ద్రవంలోకి తీస్తే హరితరేణువులోని ఈ ఎంజైమ్ సెకన్లలో చచ్చుబడిపోతుంది. ఆకును రుబ్బి రసం తీసే మామూలు పద్ధతిలో, కొలత మొదలుపెట్టేలోపే అది మాయమైపోతుండేది. రుబ్బే ద్రవంలో ముందుగానే ఆస్కార్బేట్ కలపడంతో ఆ ఎంజైమ్ చేతికి చిక్కింది.

నీరు మళ్లీ నీరయ్యే దారి

హరితరేణువులో పెరాక్సైడ్‌ను తొలగించేది పెరాక్సిడేజా, కాటలేజా అన్న వివాదానికి 1984లో అసాడా, ఆస్ట్రేలియాకు చెందిన మరే బాడ్జర్ కలిసి చేసిన ప్రయోగం తెరదించింది. వారు బరువైన ఆక్సిజన్‌తో తయారైన పెరాక్సైడ్‌ను హరితరేణువులకు ఇచ్చి వెలుతురు చూపారు. కాటలేజ్ అయితే పెరాక్సైడ్‌లోని బరువైన ఆక్సిజన్ వాయువుగా బయటికి రావాలి. పెరాక్సిడేజ్ అయితే అది నీటిలో కలిసిపోవాలి. దానికి కావలసిన ఎలక్ట్రాన్ల కోసం మామూలు నీరు విడిపోయి మామూలు ఆక్సిజన్ రావాలి. వచ్చింది మామూలు ఆక్సిజనే.

గొలుసు మొత్తం ఇలా తేలింది. ఫోటోసిస్టమ్ 2 వద్ద నీరు విడిపోయి ఎలక్ట్రాన్లు బయలుదేరతాయి. ఫోటోసిస్టమ్ 1 వద్ద కొన్ని ఆక్సిజన్‌ను చేరడంతో సూపరాక్సైడ్ పుడుతుంది. పొరను అంటుకుని ఉన్న డిస్మ్యూటేజ్ దాన్ని అక్కడికక్కడే పెరాక్సైడ్ చేస్తుంది. పొరపైనే ఉన్న ఆస్కార్బేట్ పెరాక్సిడేజ్ దాన్ని నీటిగా మారుస్తుంది. తప్పించుకుని స్ట్రోమా అనే లోపలి ద్రవంలోకి పోయినదాన్ని అక్కడి రెండో రకం పెరాక్సిడేజ్ పట్టుకుంటుంది. ఈ పనిలో ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న ఆస్కార్బేట్‌కు ఫెరిడాక్సిన్ అనే ప్రొటీన్ నేరుగా ఎలక్ట్రాన్ ఇస్తుంది. లేదా మోనోడీహైడ్రోఆస్కార్బేట్ రిడక్టేజ్ ఎన్‌ఏడీపీహెచ్ నుంచి తెచ్చి ఇస్తుంది. ఈ రెంటికీ అందకుండా మరింత ఆక్సీకరణం చెందినదాన్ని గ్లూటాథయోన్ గొలుసు సరిచేస్తుంది. లెక్క చూస్తే ఒక చివర నీరు విడిపోయింది, మరో చివర అంతే నీరు తయారైంది. 1999లో అసాడా దీన్ని నీరు-నీరు వలయం అని పిలిచాడు. ఆస్కార్బేట్, గ్లూటాథయోన్ల భాగానికి ఫోయర్-హాలివెల్-అసాడా మార్గమనే పేరు వాడుకలో ఉంది.

ఇది విషాన్ని తొలగించే పని మాత్రమే కాదు. ఎండ మిక్కుటమై, నీటి ఎద్దడికి పత్రరంధ్రాలు మూసుకుని, కార్బన్ డయాక్సైడ్ అందనప్పుడు పోవడానికి దారిలేని ఎలక్ట్రాన్లకు ఇది పొర్లుకాలువలా పనికొస్తుంది.

గడ్డిమందు నేర్పిన పాఠం

ఈ ఎంజైముల హద్దులను తెలిపింది పారాక్వాట్. ఈ రసాయనం 19వ శతాబ్దం నుంచే తెలుసు. దానికి మొక్కలను చంపే గుణం ఉందని ఇంగ్లండ్‌లోని ఐసీఐ సంస్థ 1955లో గుర్తించి, 1962లో మార్కెట్లోకి తెచ్చింది. తెలుగు రైతులు గడ్డిమందుగా ఎరిగిన మందుల్లో ఇదొకటి. మనుషులకు ప్రాణాంతకమైన విషం కూడా. పారాక్వాట్ ఫోటోసిస్టమ్ 1 నుంచి ఎలక్ట్రాన్‌ను లాక్కుని ఆక్సిజన్‌కు ఇచ్చి, మళ్లీ మరో ఎలక్ట్రాన్ కోసం వస్తుంది. సూపరాక్సైడ్ ఎంజైముల శక్తికి మించి పేరుకుంటుంది. అందుకే ఎండ బాగా ఉన్న రోజున గడ్డి గంటల్లో మాడిపోతుంది. 1978లో హార్పర్, హార్వీ అనే పరిశోధకులు పారాక్వాట్‌ను తట్టుకునే రైగ్రాస్ గడ్డిలో డిస్మ్యూటేజ్, కాటలేజ్, పెరాక్సిడేజ్‌లు ఎక్కువ చురుగ్గా ఉన్నాయని చూశారు. కొన్ని ఇతర కలుపు మొక్కలు మాత్రం మందును కణంలోని రిక్తిక అనే సంచిలో దాచిపెట్టి తప్పించుకుంటాయని తర్వాత తేలింది.

జన్యుమార్పిడి వచ్చాక ఈ ప్రశ్నను నేరుగా అడగడం సాధ్యమైంది. 1990లో పొగాకు హరితరేణువులో డిస్మ్యూటేజ్‌ను ఎన్నో రెట్లు పెంచినా పారాక్వాట్‌ను తట్టుకునే శక్తి రాలేదు. 1991లో బెల్జియంలోని ఘెంట్ బృందం మాంగనీసు రకాన్ని హరితరేణువులోకి పంపి హానిని తగ్గించగలిగింది. 1993లో బఠానీ డిస్మ్యూటేజ్ పెట్టిన పొగాకు మొక్కలు చలినీ గట్టి వెలుతురునూ తట్టుకున్నాయి. వాటిలో ఆస్కార్బేట్ పెరాక్సిడేజ్ కూడా తనంతట తానే పెరిగినట్టు కనిపించింది. ఒక్క ఎంజైమ్‌ను పెంచితే సరిపోదనీ, గొలుసులోని తర్వాతి కొక్కెం కూడా దానికి తగ్గట్టు బలపడాలనీ ఈ భిన్న ఫలితాలు తెలిపాయి. 1996లో పట్రీషియా కాంక్లిన్ ఓజోన్‌ను తట్టుకోలేని అరబిడాప్సిస్ అనే ప్రయోగశాల మొక్కను పట్టుకుని చూస్తే దానిలో విటమిన్ సి తక్కువగా ఉంది. ఆ మొక్కలు, 1998లో వీలర్, జోన్స్, స్మిర్నాఫ్ ప్రచురించిన పరిశోధన కలిసి మొక్కలు విటమిన్ సిని తయారుచేసుకునే దారిని వెల్లడించాయి.

వలయం వెలుపల

హరితరేణువుకు ఇతర తోడ్పాట్లు కూడా ఉన్నాయి. 1996లో మార్గరెటె బయర్, కార్ల్-యోసెఫ్ డీట్స్ బార్లీలో పెరాక్సిరెడాక్సిన్ అనే మరో రకం ఎంజైమ్‌ను గుర్తించారు. అది హరితరేణువులో ఆస్కార్బేట్ అవసరం లేకుండా గంధకపు జతలతో పెరాక్సైడ్‌ను తొలగిస్తుంది. ఫోటోసిస్టమ్ 2 దగ్గర పుట్టే సింగ్లెట్ ఆక్సిజన్ అనే చురుకైన ఆక్సిజన్ రూపాన్ని తొలగించే ఎంజైములేవీ లేవు. కెరోటినాయిడ్లు, విటమిన్ ఇ దాన్ని చల్లారుస్తాయి. అయినా దెబ్బతినే, ఫోటోసిస్టమ్ 2లోని డీ1 ప్రొటీన్‌ను ఆకు నిరంతరం తీసివేసి కొత్తది పెట్టుకుంటుంది. కణంలోని మైటోకాండ్రియాలు కూడా ఇందులో భాగస్వాములు. శ్వాసక్రియను ఆపితే గట్టి వెలుతురులో బఠానీ ఆకు కణాల కిరణజన్య సంయోగక్రియ మరింత దెబ్బతింటుందని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎ.ఎస్. రాఘవేంద్ర బృందం 1992లో చూపింది.

1990ల చివరి నుంచి పెరాక్సైడ్‌ను చూసే తీరు కూడా మారింది. 1999లో స్టానిస్లావ్ కార్పిన్‌స్కీ బృందం అరబిడాప్సిస్ మొక్క ఆకుల్లో కొన్నిటికే మితిమీరిన వెలుతురు చూపగా, నీడలో ఉన్న మిగతా ఆకుల్లో కూడా రక్షణ జన్యువులు మేలుకున్నాయి. ఆ కబురు మోసేవాటిలో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒకటి. అలా ఈ ఎంజైముల పనికి నేటి నిర్వచనం ఏర్పడింది. హరితరేణువులో పెరాక్సైడ్‌ను అవి పూర్తిగా లేకుండా చేయవు. కాల్విన్ వలయం ఆగిపోనంత తక్కువగా, ప్రమాదం వచ్చినప్పుడు మిగతా మొక్కకు కబురందేంత ఎక్కువగా దాన్ని నిలిపి ఉంచుతాయి.